బిస్కెట్ డబ్బాలో ఫోన్లు

నేషనల్ పార్కు గేటు దాటగానే ఫోన్లన్నీ బిస్కెట్ డబ్బాలోకి వెళ్లాలి. ఆ రూలు నాది. ఒమాహా నుంచి రెండు రోజులు నడుములు విరిగేలా కారులో కూర్చుని యూటా దాకా వచ్చింది ఎర్ర కొండలు చూడ్డానికి గానీ, వంచుకున్న పిల్లల తలకాయలు చూడ్డానికి కాదు.

"జైల్లో వాళ్లని కూడా ఫోన్ చేసుకోనిస్తారమ్మా," అంది డార్సీ. దానికి పదహారు.

"అయితే జైలుకే వెళ్లు. తిండి కూడా వాళ్లే పెడతారు."

పదమూడేళ్ల క్లే పకపకా నవ్వాడు. డార్సీ మూతి ముడుచుకుని, పూల కవరున్న ఫోన్‌ని డబ్బాలో పడేసింది. క్లే ఫోనూ నాదీ పడ్డాక, మా ఆయన వెర్న్ కూడా తనది వేశాడు. నా రూళ్లతో పోట్లాడ్డం ఆయన ఎప్పుడో మానేశాడు.

మధ్యాహ్నం ఒక ఇరుకు లోయ ముందు కారు ఆపాం. చేతులు చాపితే రెండు పక్కలా కొండ గోడలు తగిలేంత సందు అది. పిల్లలిద్దరూ ముందు పరిగెత్తారు.

"మొదటి మలుపులో ఆగండి! శాండ్‌విచ్‌లు తెస్తున్నా!" అని అరిచాను.

వెర్న్ మోకాలు పట్టేసి కారు నీడలో కూలబడ్డాడు. నేను రొట్టెలకు పీనట్ బటర్ రాస్తున్నాను. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. అప్పుడు కారులో డబ్బా ఒక్కసారిగా కీచుమని అరవడం మొదలుపెట్టింది.

మూత తీశాను. మూడు ఫోన్ల మీదా ఒకటే హెచ్చరిక. ఆకస్మిక వరద వస్తోంది, లోయల్లో ఉన్నవాళ్లు వెంటనే ఎత్తుకు ఎక్కాలి.

"ఇక్కడ చుక్క కూడా పడలేదు కదా?" అన్నాడు వెర్న్.

"పై కొండల్లో పడుంటుంది. ఆ నీళ్లు దిగేది ఈ సందులోంచే, వెర్న్!"

డార్సీ ఫోన్ మాత్రం అరవలేదు. తీసి చూస్తే పూల కవరులో, రాత్రి దిగిన మోటెల్ సబ్బుబిళ్లలు రెండు ఉన్నాయి. అంత భయంలోనూ నాకు ముందు కోపమే వచ్చింది. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. దాని నంబరు నొక్కాను. కవరేజీ లేదన్నారు.

ఫోన్ పట్టుకునే లోయ వైపు పరిగెత్తాను. "డార్సీ! క్లే!" అని గొంతు చించుకున్నాను. నా అరుపే గోడలకు తగిలి తిరిగొచ్చింది. లోపలి నుంచి పచ్చి మట్టి వాసన వచ్చింది. కాళ్ల కింద గులకరాళ్లు వణుకుతున్నాయి. నేను లోపలికి దూరబోయాను. వెర్న్ కుంటుకుంటూ వచ్చి, నా చొక్కా పట్టుకుని పక్క గట్టు మీదకు ఈడ్చాడు.

"వదులు! పిల్లలు లోపలున్నారు!"

"తెలుసే! నువ్వు కూడా పోతావా?"

ఎర్ర బురద దుంగలతో సహా సందులోంచి బయటికి విరుచుకుపడింది. అందులో గిరగిరా తిరుగుతూ ఒక పసుపు టోపీ మా ముందు నుంచే పోయింది. అది క్లే టోపీ. నేను అక్కడే చతికిలబడ్డాను. వెర్న్ నా చొక్కా వదల్లేదు.

ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. చేతిలో ఫోన్ టింగుమంది.

"అమ్మా, తిట్టకు. ఫోన్ ఇవ్వకుండా దాచుకున్నా. నా ఫ్రెండ్ మేసన్‌కి ఫొటో పంపాలని సిగ్నల్ కోసం బండల మీదుగా పైకి ఎక్కా. క్లే నన్ను ఏడిపిస్తూ వెనకే ఎక్కాడు. వాడి టోపీ పడిపోయింది. కిందంతా నీళ్లు. ఇద్దరం పైనే ఉన్నాం. సారీ అమ్మా. ఇంకెప్పుడూ దాచను."

ఫోన్ వెర్న్ చేతిలో పెట్టి, ఆయన భుజం మీద పడి భోరున ఏడ్చాను. కాళ్ల కింద అంత వరద పారుతుంటే, నా కూతురు మొదట భయపడింది నాకు.