ఖుర్షిదా నవ్వు, మిరప ఘాటు

పొద్దున్నే రసూల్ ఆటో నల్లపాడు దగ్గర మిరపకాయల షెడ్డు ముందు ఆగేది. ఆడవాళ్లు దిగి, ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, గుట్టల చుట్టూ తొడిమలు తీయడానికి కూర్చునేవాళ్లు. మేస్త్రి గౌస్ బాషా ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టినా, రసూల్ భార్య ఖుర్షిదాని మాత్రం సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టేవాడు. ఆమె నవ్వితే షెడ్డులో ఘాటు తగ్గేది. కాయలో కారం ఎక్కడికీ పోదు. ఆడవాళ్ల చేతుల జోలికీ కళ్ల జోలికీ మాత్రం రాదు. అందుకని పక్కన కూర్చునే జయకుమారి ఏదో ఒకటి చెప్పి ఆమెని నవ్విస్తూ ఉండేది.

ఖుర్షిదా పుట్టినప్పటి నుంచీ అంతే. పెళ్లిచూపులనాడు పిల్ల ఫక్కున నవ్వేసరికి, పెరట్లో పోపు పెడుతున్న వాళ్లకి దగ్గు ఆగిపోయిందట. రసూల్ వాళ్లమ్మ మౌలాబీ అక్కడికక్కడే సంబంధం ఖాయం చేసుకుంది.

రెండో బిడ్డ నజ్మీన్ పుట్టాక ఆ నవ్వు ఆగింది. తుమ్మినా, దగ్గినా, గట్టిగా నవ్వినా ఖుర్షిదాకి మూత్రం పడిపోయేది. పచ్చి ఒళ్లు కదా, తగ్గుతుందిలే అనుకుంది. బిడ్డకి నడక వచ్చింది గాని అది తగ్గలేదు. పాత గుడ్డ మడతపెట్టి పెట్టుకునేది. దాహమేసినా నీళ్లు తాగేది కాదు. బట్టలు శుభ్రంగా ఉన్నాయో లేవోనన్న అనుమానంతో నమాజు కూడా దాటేసేది. అత్త అడిగితే నడుం నొప్పి అనేది.

షెడ్డులో ఘాటు మళ్లీ పెరిగింది. ఆడవాళ్లు ఇళ్లకెళ్లి చేతులు మజ్జిగలో ముంచుకునేవాళ్లు. ఖుర్షిదాని ఎవరూ ఒక్క మాటా అనలేదు. ఇంట్లో ఏం కష్టం వచ్చిందో అనుకున్నారు.

ఒకరోజు జయకుమారి, మేస్త్రి ఫోన్లో ఓనరుతో మాట్లాడుతూ ఎలా వంగిపోతాడో చేసి చూపించింది. అందరూ పడీపడీ నవ్వారు. ఖుర్షిదా కొంగు నోట్లో కుక్కుకుంది. ఆపుకున్న నవ్వు దగ్గై బయటికొచ్చింది. కూర్చున్నచోటే తడిసిపోయింది. అన్నాలకి అందరూ లేచినా ఆమె లేవలేదు.

జయకుమారి క్యారియరు తెచ్చుకుని పక్కన కూర్చుంది. "ఏంటి వదినా, ఏమైంది?"

ఖుర్షిదా నేల చూస్తూ చెప్పింది. చెబుతుంటే ఏడుపొచ్చింది.

"ఇంతకాలం ఎందుకు దాచావు?" అంది జయకుమారి. "మా చెల్లెలికీ కాన్పయ్యాక ఇదే. గుంటూరులో ఫిజియోథెరపీకి వెళ్లింది. తగ్గింది."

"ఫిజియోథెరపీ మోకాళ్లకి కదా?"

"దీనికీ ఉందంట. ఆడామె చూస్తుంది. ఆరాధన గారని."

వెళ్లాలంటే ఇంట్లో చెప్పాలి. ఆ సాయంత్రం మౌలాబీ చేటలో బియ్యం ఏరుతుంటే, ఖుర్షిదా ఎదురుగా కూర్చుని తడబడుతూ చెప్పింది. మౌలాబీ ఒక రాయి ఏరి పక్కన పెట్టింది.

"సిద్దికా వాళ్లింటికి ఎన్నిసార్లు పిలిచినా నేనెందుకు పోనో తెలుసా?" అంది.

"బస్సు పడదు కదత్తా."

"బస్సు పడకేం. రసూల్ పుట్టినప్పటి నుంచీ కింద ఏదో జారినట్టుంటుంది. అంతదూరం ఆపుకోలేను. కూతురింటికి వెళ్లే దారిలో బట్టలు తడుపుకుంటానా?" చేట పక్కన పెట్టింది. "మా అత్తకి చెబితే, కన్నావుగా, అంతే మరి అంది. నీకు నేను ఆ మాట అనను. పద, నేనూ వస్తా."

ఆటో తియ్యమని రసూల్‌కి మౌలాబీయే చెప్పింది. ఎందుకని అతను అడగలేదు.

గుంటూరు ఆసుపత్రిలో ముందు లేడీ డాక్టరు ఇద్దరినీ పరీక్ష చేసింది. మౌలాబీకి గర్భసంచి కొంత కిందికి జారిందని, ఆపరేషను మాట తర్వాత, ముందు లోపల ఒక రింగు అమర్చి చూద్దామని చెప్పి, ఇద్దరినీ ఆరాధన దగ్గరికి పంపింది.

"మూత్రసంచినీ గర్భసంచినీ కింద నుంచి మోసే కండరాలుంటాయి. కాన్పుల్లో సాగిపోతాయి. చేతికి, కాలికి చేయించినట్టే వాటికీ వ్యాయామం చేయించాలి," అంది ఆరాధన. "గ్యాసు పోకుండా ఆపుకున్నట్టు బిగించి, పైకి లాగండి. ఊపిరి ఆపొద్దు. తర్వాత పూర్తిగా వదిలెయ్యండి. నీళ్లు తాగడం మాత్రం మానొద్దు."

ఇద్దరూ పక్కపక్క మంచాల మీద పడుకుని మొదలుపెట్టారు. మౌలాబీ మొహం చూసి ఆరాధన అంది, "అమ్మా, పైకి లాగాల్సింది కనుబొమ్మలు కాదు."

ఖుర్షిదా పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. ఇంకా ధైర్యం చాలలేదు.

అత్తాకోడళ్లకి అది రోజువారీ పనైంది. పాలు కాగేలోపు కొంత, పిల్లల్ని పడుకోబెడుతూ కొంత. "చేశావా?" అని ఆమె, "నువ్వో?" అని ఈమె. మొదట్లో తేడా ఏమీ తెలియక ఖుర్షిదా విసుక్కుంది. నెలలు గడిచేకొద్దీ గుడ్డ పొడిగా ఉండే రోజులు పెరిగాయి. తుమ్ము వచ్చేముందే బిగించడం అలవాటైంది. మౌలాబీ సిద్దికాకి ఫోన్ చేసి, వస్తున్నానని చెప్పి, ఒక్కతే బస్సెక్కి వెళ్లింది.

ఆ వారమే షెడ్డులోకి కొత్త బస్తాలు దిగాయి. ఘాటుకి కళ్లు తెరవలేకపోతున్నారు. మేస్త్రి బస్తా మీద కూర్చోబోయి, బస్తా జారి, కాయల్లో కూలబడ్డాడు. లేచి, కావాలనే కూర్చున్నట్టు అక్కడి నుంచే లెక్క అడిగాడు.

ఖుర్షిదా నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా, కడుపు పట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఒక్క చుక్కా జారలేదు. ఘాటు సద్దుమణిగింది. ఒక్కొక్కరే మొహానికున్న గుడ్డలు విప్పేశారు.

అవతలి వరుసలో కరీమున్ కూడా విప్పింది. ఆ పిల్ల కాన్పై పనికొచ్చి కొన్నాళ్లే. వచ్చినప్పటి నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు, గుడ్డ తీయలేదు. ఖుర్షిదా, జయకుమారి చెప్పుకునే మాటలు మాత్రం చెవిన పడుతూనే ఉండేవి. ఇప్పుడు పీట లాక్కుంటూ ఖుర్షిదా పక్కకి చేరింది.

"అక్కా," అంది బాగా మెల్లిగా, "నువ్వు వెళ్లే ఆ డాక్టరమ్మ… నన్నూ చూస్తుందా?"

ఖుర్షిదా చేతులు దులుపుకుని, తన నీళ్ల సీసా మూత తీసి ఆ పిల్ల చేతికిచ్చింది.

"ముందు నీళ్లు తాగు," అంది. "శనివారం గుంటూరుకి ఆటో ఉంది."