రత్నవ్వ గోడ మీది గీత

పెళ్లై ఇరవై రెండు రోజులైంది. స్వర్ణలతకు ఇంకా ప్రతిదీ ముద్దుగానే ఉంది. గచ్చు మీద మట్టెల చప్పుడు ముద్దు. మెడలోని పసుపుతాడు చెమటకు తడిసి జాకెట్టుకు అంటించిన మరక కూడా ముద్దే. పెళ్లికొచ్చిన స్టీలు గ్లాసుల మీద ఇద్దరి పేర్లూ చెక్కినవాడు మధ్యలో చిన్న పువ్వు వేశాడు. ఆ పువ్వు మీదే పెదవి ఆనేలా గ్లాసు తిప్పుకొని చాయ్ తాగడం ఆమెకు రోజూ ఒక పని. "చాయ్ చల్లారుతది, గ్లాసు చుట్టూ ప్రదక్షిణలేంది?" అని భర్త శ్రవణ్ నవ్వేవాడు.

ఆర్మూర్‌లో గిర్ని గల్లీ అంటే పసుపు పట్టే గిర్ని వెనక పద్దెనిమిది ఇళ్లు. గల్లీలోకి తిరగగానే ముక్కుకు పసుపు వాసన తగులుతుంది. పెళ్లినాడు ఒంటికి పూసిన వాసన ఇక్కడ గాలిలోనే ఉందని, తనకు నలుగు ఎప్పటికీ అయిపోదని స్వర్ణలత డిగ్రీ స్నేహితురాళ్లకు ఫోన్‌లో చెప్పి మురిసిపోయింది.

ఒక్క సంగతి మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. వాళ్ల గదికీ పక్కనున్న రత్నవ్వ ఇంటికీ మధ్య గోడ ఒకటే. పెళ్లైన మూడో రోజు శ్రవణ్ ఆ గోడ పక్కనున్న మంచాన్ని కిటికీ కిందికి లాగాడు. "గాలి మంచిగొస్తది" అన్నాడు. కిటికీలోంచి వచ్చేది ఎదురింటి రేకుల వేడి. అయినా వెన్నెల కోసం జరిపాడేమో, చెప్పడానికి సిగ్గుపడ్డాడేమో అనుకొని ఆమె లోలోపల నవ్వుకుంది.

మధ్యాహ్నం గల్లీ అంతా కునుకు తీసే వేళ ఆ గోడలోంచి చప్పుడు వచ్చేది. టక్. కాసేపాగి, టక్ టక్.

అత్త నీలవ్వను అడిగితే ఆమె ఆకు నములుతూ, "చెమ్మకు పెచ్చులు రాలుతుంటయి బిడ్డా. పోయి పంకా కింద పండుకో" అంది.

పెచ్చులైతే అన్ని చోట్లా రాలాలి. చప్పుడు మాత్రం ఎప్పుడూ ఒకే చోటి నుంచి వచ్చేది. స్వర్ణలత తల కంటే ఎత్తున, కప్పుకు దగ్గరగా.

పోయిన వానాకాలం ఒక తెల్లవారుజామున వెనక కుంట తెగి గిర్ని గోడ కూలిందని ఆమెకు తెలుసు. బస్తాల్లోని పసుపు పిండి అంతా కలిసి పచ్చటి నీళ్లు గల్లీ నిండాయి. నీళ్లు తీశాక ప్రతి ఇంటి గోడ మీదా ఒకే ఎత్తున పసుపు గీత మిగిలింది. బయటి గీతలు ఎండకు వెలిసిపోయాయి. లోపలి గీతల మీద, పెళ్లి దగ్గర పడిందని శ్రవణ్ సున్నం వేయించాడు. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని తెలియనివాళ్లెవరు? దిష్టినీళ్లు కలిపేది అలాగే కదా. అయినా నాలుగు గోడల చుట్టూ నెత్తురు లాంటి గీత తేలేసరికి నీలవ్వ రెండు రోజులు ముద్ద ముట్టలేదట. దాని మీద పెయింటు వేశారు. వాళ్లను చూసి గల్లీ అంతా వేసింది. తాళం వేసి ఉన్న రత్నవ్వ ఇల్లొక్కటే అలా ఉండిపోయింది.

గిర్నిలో పసుపు జల్లెడ పట్టే రత్నవ్వ ఆ నీళ్లలోనే పోయింది. నిద్రలోనే పోయిందని, ఆమెకే బాధా తెలియలేదని గల్లీలో అందరూ ఒకే మాటగా చెబుతారు.

తొలకరి వానలు తెచ్చే మిరుగు కార్తెకు ఇంకా పది రోజులుందనగా, ఆ మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి ముఖేష్ మళ్లీ వచ్చాడు. మునక కాలనీలకు కొత్త ప్లాను గీయడానికి మున్సిపాలిటీ జీతమిచ్చి పెట్టుకున్న కంపెనీ మనిషి. చేతిలో ట్యాబ్, మెడలో కార్డు. ఇటువైపు గల్లీ కమిటీ. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా రిటైరైన కాశీరాం, సెల్‌ఫోన్ దుకాణం నడిపే శ్రవణ్, మరో నలుగురు. వీళ్లకు జీతం లేదు, కార్డు లేదు. అట్టలు ఊడిన ఒక నోటుబుక్కు ఉంది. వరద ముందు రోజు సాయంత్రం నుంచి మొన్నటి దాకా ఏ ఇంట్లో ఎవరున్నారు, నీళ్లు ఎటు నుంచి వచ్చాయి, ఎంత లేచాయి, అన్నీ అందులో ఉన్నాయి.

తగవు పెద్ద మోరీ గురించి. కుంట నీళ్లను తప్పించే ఆ మోరీ గిర్ని గల్లీ వెనక నుంచి పోవాలని కమిటీ అంటోంది. కంపెనీ ప్లానులో అది మెయిన్ రోడ్డు పక్క నుంచి పోతోంది. ఆ సాయంత్రం ఐదింటికి ముఖేష్ ప్లాను పంపేస్తాడు. ఆ తర్వాత మార్పు లేదు. మళ్లీ కుంట తెగితే గల్లీకి దిక్కులేదు.

"మీరు వచ్చింది ఎండకాలంల. వాన ఎప్పుడు చూసిండ్రు సార్?" అన్నాడు కాశీరాం, నీలవ్వ ఇంటి అరుగు మీద కుర్చీ లాక్కుంటూ.

"వాన చూడకపోయినా జాడ చూశాను కాకా" అన్నాడు ముఖేష్. "ప్రతి ఇంటికీ ఫోటోలున్నాయి. మీ గల్లీలో నీళ్లు తొమ్మిది అంగుళాలే. ఇదిగో, గుమ్మం పక్కన పసుపు మరక ఎంత స్పష్టంగా ఉందో."

ట్యాబ్ అందరి వైపూ తిప్పాడు. అందులో స్వర్ణలత గుమ్మం. గడపా, దర్వాజ అడుగున జానెడు మేరా, అంచు చెదరకుండా పూసిన పసుపు. పోయిన శుక్రవారం అతను ఫోటో తీస్తుంటే తన పనితనం నచ్చి తీస్తున్నాడనుకొని, ఆమె గిన్నె పట్టుకొని పక్కకు తప్పుకొని మరీ చోటిచ్చింది.

నీలవ్వ నోట్లోని ఆకు ఉమ్మేసి నవ్వింది. "సార్, గా మరక మేం శుక్రారం శుక్రారం గడపకు పూసే పసుపు. మీ ఇంట్ల ఆడోళ్లు పుయ్యరా?"

"మేం అపార్ట్‌మెంట్‌లో..." అని ముఖేష్ ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మా నోటుబుక్కు మీద నమ్మకం లేదు గని, నీలవ్వ కోడలి గడప మీద మస్తు నమ్మకం" అన్నాడు కాశీరాం.

"సరే, తప్పు నాదే. మారుస్తాను. మరి అసలు గీత ఏది? మీరు ఐదున్నర అడుగులంటున్నారు. వీడియోల్లో చూస్తే మోకాళ్ల లోతే."

"నీళ్లు తగ్గినంక తీసినయి సార్ గవి. మునుగుతుంటే ఫోన్ ఎవరు పట్టుకుంటరు?"

"నాకు నమ్మకమే కాకా. పైవాళ్లు నన్ను అడిగేది జాడ. ఒక్క గోడ చూపించండి చాలు."

అందరూ తమ తమ పెయింట్లు తలచుకొని తలలు దించుకున్నారు. స్వర్ణలతకు సంతోషం ఆగలేదు. పరీక్షలో తనకొక్కదానికే జవాబు తెలిసినట్టు, "రత్నవ్వ ఇల్లున్నది గదా. దానికి ఎవ్వరూ రంగు వెయ్యలే" అంది.

కాశీరాం కళ్లద్దాలు తీసి తుడవసాగాడు.

"గా ఇల్లు వద్దు" అన్నాడు శ్రవణ్.

"ఎందుకు?"

"పాత కప్పు. మీద పడ్తది."

"మొన్న నువ్వే గా కప్పెక్కి మన డిష్ సరిజేసినవు."

అతను భార్య వైపు చూశాడు. ఈ ఇరవై రెండు రోజుల్లో ఆ చూపు ఆమె ఎప్పుడూ చూడలేదు. కోపమైతే బాగుండేది.

తాళంచెవి నీలవ్వ బియ్యం డబ్బా పైన మేకుకు వేలాడుతోంది. నందిపేట్‌లో ఉండే రత్నవ్వ కూతురు ఎస్తేరు ఇచ్చిపోయింది. స్వర్ణలత ఆమెకు ఫోన్ చేసి మోరీ సంగతి చెప్పి అడిగింది.

"తీయుండ్రి వదినా" అంది ఎస్తేరు. "నాకే అండ్ల అడుగు పెట్టబుద్ధి కాలే. మీకన్న అక్కరకొస్తే రానీ."

తుప్పు పట్టిన తాళం నూనె పోస్తే గానీ తిరగలేదు. రెండు మెట్లు కిందికి దిగాలి. పది నెలలు మూసి ఉన్న ఇల్లు. మొదట వాసన తగిలింది. పసుపు. పెళ్లినాడు తన ఒంటి మీది వాసనే. ఆ చీకట్లో అది వేరొకరి ఒంటి నుంచి వస్తున్నట్టుంది.

ముఖేష్ ఫోన్ లైటు వేశాడు. గీత అక్కడే ఉంది. ఎండ తగలక నిన్ననే గీసినంత పచ్చగా, గది చుట్టూ. స్వర్ణలత తల ఎత్తి చూడాల్సి వచ్చింది. ముఖేష్ గడప మట్టం నుంచి టేపు పట్టాడు. ఐదు అడుగుల ఏడు అంగుళాలు.

"ఇది చెమ్మ మరక అంటే ఏం చెప్పాలి?" అన్నాడు గొంతు తగ్గించి.

స్వర్ణలత అత్త సంచిలోంచి సున్నం డబ్బీ అడిగి తీసుకుంది. వేలితో కాస్త సున్నం తీసి గీత మీద రాసింది. రాసినచోట గీత ఎర్రబడింది. "చెమ్మ ఎర్రబడదు సార్. గిర్ని పసుపు ఇది" అంది. ముఖేష్ వరసగా ఫోటోలు తీసుకున్నాడు. గెలిచాం అనుకొని ఆమె భర్త కోసం వెనక్కి తిరిగింది.

శ్రవణ్ గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. గీత వైపు చూడటం లేదు. తమ ఇంటి వైపు గోడను చూస్తున్నాడు. ఆమె కూడా చూసింది.

గీతకు పైన చేతులున్నాయి. పసుపు నీళ్లలో తడిసిన అరచేతుల ముద్రలు, ఒకదాని మీద ఒకటి. అడుగున బోర్లాపడిన రేకుపెట్టె. పెట్టె మీదికి ఎక్కినకొద్దీ ముద్రలు పైకి పోయాయి. చివరివి కప్పు దగ్గర. అవి అరచేతులు కావు, పిడికిళ్లు. సరిగ్గా చప్పుడు వచ్చే చోటు.

"నిద్రల పోలే" అన్నాడు శ్రవణ్.

కాశీరాం "శ్రవణ్, వద్దురా" అన్నాడు. అతను ఆగలేదు.

"కుంట నిండిందని ముందు రోజు పొద్దుగూకంగ ఇల్లిల్లు తిరిగి రాసుకున్నం సార్, ఎవరున్నరు, ఎవరు లేరని. రత్నవ్వ బిడ్డ దగ్గరికి పోయిందన్నరు. ఊర్ల లేదు అని నేనే రాసిన. ఆఖరి ఆటోకు తిరిగొచ్చింది ఎవ్వరం చూడలే. నీళ్లొచ్చినంక బుక్కు చూసుకుంట అందరిని మా కప్పు మీదికి ఎక్కించినం. పదిహేడు ఇండ్లు. ఒక్కలు తక్కువ లేరు. కింద గోడ చప్పుడైంది. నేను విన్న. గిన్నెలు తేలి తగులుతున్నయన్న. చానాసేపు అయింది." అతను ముఖేష్ వైపు తిరిగాడు. "గడప పసుపు చూసి మీరు మోసపోయిండ్రు. నేను నా చెవులతోని విని గూడ బుక్కునే నమ్మిన."

ముఖేష్ ఆ గోడ మీది నుంచి లైటు దించేశాడు. ఫోటో తీయలేదు.

శ్రవణ్ చెయ్యి చాచాడు. స్వర్ణలత ఫోన్ ఇచ్చింది. అంతా ఎస్తేరుకు మళ్లీ చెప్పాడు, నిద్రలో పోయిందని తామే అల్లి చెప్పామని కూడా. స్పీకర్లో ఆమె గొంతు సన్నగా వచ్చింది.

"ఏ గోడకు?"

"మా గోడకే."

"రేపొస్త" అంది ఎస్తేరు. "నేనొచ్చిందాక గా గోడకు పెయింటు వెయ్యకుండ్రి."

నాలుగు దాటాక ముఖేష్ అరుగు మీదే కూర్చొని మోరీ గీతను గల్లీ వెనక్కి మార్చాడు. నోటుబుక్కులోని కాగితాలు కూడా జత చేస్తానని అడిగాడు. శ్రవణ్ ఆ పేజీ తీశాడు. 'రత్నవ్వ: ఊర్ల లేదు.' దాన్ని కొట్టేయలేదు. పక్కనే పెన్నుతో 'ఉన్నది' అని రాసి ఇచ్చాడు.

దీపాలు పెట్టే వేళ స్వర్ణలత గదిలోకి వెళ్లి మంచం కోడు పట్టుకుంది. ఆమె అడగకుండానే శ్రవణ్ వచ్చి రెండో వైపు పట్టాడు. ఇద్దరూ దాన్ని మళ్లీ ఆ గోడ దగ్గరికి జరిపారు. ఆమె వేలి చివర ఎరుపు ఇంకా పోలేదు.

కాసేపటికి, పైనుంచి, టక్.

పెచ్చులని అతను అనలేదు. మంచం మీద నిలబడి, చెయ్యి ఎత్తి, ఆ చోటనే వేలి కణుపులతో తిరిగి కొట్టాడు.

ఇద్దరూ వింటూ నిలబడ్డారు.