గాలి ఆపిన తొట్టి

తమ్ముణ్ణి పెద్ద తొట్టిలోంచి తాళ్లతో పైకి లాగేసరికే ప్రాణం పోయింది. రంగుల ఫ్యాక్టరీ వదిలే, ఫినాల్ అనే విషం కలిసిన నీళ్లన్నీ చేరే తొట్టి అది. నల్లటి మడ్డి కారుతున్న వాడి చొక్కాను అక్క ఇంకా పట్టుకునే ఉంది. అప్పుడే మేనేజరు కాగితం పట్టుకొచ్చాడు.

"తాగి పడ్డాడని రాశాం. నువ్వూ ఓ సంతకం పెట్టమ్మా."

బతుకులో చుక్క ముట్టనివాడు! మనిషిని చంపింది చాలక మంచిపేరును కూడా చంపాలి వీళ్లకి. అక్క ఆ కాగితం వైపు కన్నెత్తి చూడలేదు.

అక్కాతమ్ముళ్లిద్దరిదీ తొట్ల దగ్గరే పని. విషాన్ని తినేది మడ్డిలో బతికే బ్యాక్టీరియా. తమ్ముడు వాటిని "మన అల్లుళ్లు" అనేవాడు. "వేళకు గాలీ మేతా అందకపోతే అలిగి పడుకుంటారక్కా" అని నవ్వించేవాడు. బతికున్న మడ్డికి తడిసిన మట్టి వాసన, చచ్చిన మడ్డికి కుళ్లిన గుడ్డు వాసన. మీటరు అక్కర్లేకుండా ఇద్దరి ముక్కులూ చెప్పేసేవి. కరెంటు మిగులుతుందని కంపెనీ పెద్ద తొట్టికి గాలి కొట్టే మోటారు ఆపించి నాలుగు నెలలైంది. "అల్లుళ్లు చచ్చారక్కా, వాసన చూడు" అని వాడు మొత్తుకుంటే, "నోరు మూసుకుని పని చూసుకో, ఉన్న పని కూడా ఊడుతుంది" అని కసిరింది తనే. తనిఖీ దగ్గరపడుతోందని, నీళ్లు చాలామటుకు తోడించి అడుగున పైపులు తోమమని వాణ్ణి దింపారు. మొహానికి గుడ్డముక్క తప్ప ఏమీ ఇవ్వలేదు.

మూడో రోజు విశ్రాంతి షెడ్డులో నలభై మంది కూడారు.

"పోయినవాడు తిరిగి రాడమ్మాయ్" అన్నాడు పెద్ద ఫిట్టరు. "కొండను ఢీకొంటే మన తలే పగుల్తుంది. మాకూ పిల్లలున్నారు."

"నాకూ ఒక తమ్ముడుండేవాడు బాబాయ్" అంది అక్క.

నీళ్లు పరీక్షించే ల్యాబు పిల్ల లేచింది. "ఫినాల్ ఉంగరంలా బిగిసి ఉంటుంది. బ్యాక్టీరియాలో ఉండే ఎంజైములు దానికి ఆక్సిజన్ తగిలించి ఆ ఉంగరాన్ని తెంపుతాయి. గాలి ఆపితే తెంపే పని ఆగిపోతుంది. విషం విషంలాగే ఉంటుంది, అడుగున చెడు వాయువు పేరుకుంటుంది. అన్న పడిపోయింది అందుకే."

"అంత చిన్న పురుగు తెంపుతుందా?" ఎవరో అడిగారు.

"ఒక్కటేం చేస్తుంది? ఒకటి తెంపితే ఆ ముక్కల్ని ఇంకోటి తింటుంది. కోట్లు కలవాలి."

"మరి తనిఖీలో ప్రతిసారీ నీళ్లు బాగున్నాయనే వచ్చిందే?"

జవాబు అందరికీ తెలుసు. బతికున్న మడ్డిని విత్తనంగా దాచిన చిన్న తొట్టికి మాత్రం గాలి ఆగలేదు. తనిఖీ రోజున అందులోని తేటనీళ్లు బకెట్లతో మోసి, నమూనా పట్టే కుండీలో పోసేది వీళ్లే.

"మొదటి బకెట్టు నాదే" అంది అక్క. కళ్లు తుడుచుకోలేదు. "వాళ్ల పాపాన్ని మన చేతుల్తో కడిగాం. నా తమ్ముణ్ణి ముంచడంలో నేనూ ఓ చెయ్యి వేశాను. రేపటి తనిఖీకి మాత్రం ఎత్తను. తర్వాత మీ ఇష్టం."

మర్నాడు ఇన్‌స్పెక్టరు కారు గేటు దాటింది. "బకెట్లు!" అని అరిచాడు మేనేజరు. బకెట్లన్నీ బోర్లించి ఉన్నాయి. వాటిమీద జనం కూర్చుని ఉన్నారు. పెద్ద ఫిట్టరొక్కడే ఎటూ తేల్చుకోలేక తన బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు.

అక్క ఇన్‌స్పెక్టరుకు అడ్డంగా నిలిచింది. "పెద్ద తొట్టిలోంచి పట్టండి సారూ. మావాడు తాగింది ఆ నీళ్లే."

ఇన్‌స్పెక్టరు మేనేజరును చూశాడు, జనాన్ని చూశాడు. చివరికి పెద్ద తొట్టిలోంచే సీసా నింపి సీలు వేశాడు.

గంటలో పోలీసు వ్యాను వచ్చింది. పనికి అడ్డుపడిందని అక్కను ఎక్కించారు. ఊచల్లోంచి ఆమె అరిచింది: "చిన్న తొట్టికి గాలి ఆపకండర్రా! అవి చస్తే మళ్లీ మొదలుపెట్టడానికి విత్తనం ఉండదు!"

వ్యాను కనుమరుగైంది. పెద్ద ఫిట్టరు నేరుగా చిన్న తొట్టి దగ్గరికి వెళ్లాడు. బకెట్టు నిండా బతికున్న మడ్డి ముంచుకుని పెద్ద తొట్టిలో పోశాడు. అతని వెనక ఒకరి తర్వాత ఒకరు పోశారు. అప్పుడతను మోటారు మీట వేశాడు.

"ఎవర్నడిగి వేశావ్? ఆపు!" అంటూ మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

నల్లటి నీళ్లలో నాలుగు నెలల తర్వాత బుడగలు లేచాయి. ఫిట్టరు ఏడుస్తూనే మీటకు వీపు ఆనించి నిలబడ్డాడు. అతనికి అడ్డంగా ల్యాబు పిల్ల నిలబడింది, ఆమెకు అడ్డంగా మిగతావాళ్లంతా నిలబడ్డారు. మేనేజరు అరుస్తూనే ఉన్నాడు. మోటారు ఆగలేదు.