గేటు కాడ చూసింది

నల్లగా ఉన్నదేదీ లోపలికి పోకూడదన్నారు.

మానుకోట పొలిమేరలో మంత్రిగారి బహిరంగ సభ. గేటు దగ్గర ఆడ పోలీసులు కాలేజీ పిల్లల మీది నల్ల చున్నీలు లాగేస్తున్నారు. మగ పోలీసులు నల్ల చొక్కాల వాళ్లను పక్కకు నెడుతున్నారు. గొడుగులు, మఫ్లర్లు, చేతి రుమాళ్లు, ఆఖరికి ఒక బాలింత తన చంటిపిల్లకు పెట్టిన నల్ల టోపీ కూడా తీసి గేటు పక్కన కుప్ప పోశారు. ఏ గుడ్డ ఎక్కడ జెండాగా లేస్తుందోనని సర్కారుకు భయం. చున్నీలు పోయిన ఆడపిల్లలు పుస్తకాల సంచులు గుండెలకు అదుముకుని, తల వంచుకుని లోపలికి నడుస్తున్నారు.

సోమనర్సయ్య ఆ కుప్పను ఫోనులో తీస్తున్నాడు. కొత్తగూడ మండలానికి పద్దెనిమిదేండ్లుగా ఒక దినపత్రిక విలేకరి. మంచివాడే. కానీ లాఠీ లేచిన ప్రతిసారీ అతను రాసిన మాట ఒక్కటే: స్వల్ప ఉద్రిక్తత. తల పగిలినా స్వల్ప ఉద్రిక్తతే, చెయ్యి విరిగినా స్వల్ప ఉద్రిక్తతే. అలా రాస్తే స్టేషన్‌లో కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు. పత్రిక వాళ్లు వార్త తిప్పి పంపరు. రాసి రాసి ఆ మాట అతని చేతికి అలవాటైపోయింది.

వరుసలో మొండ్రాయిగూడెం జనం నిలబడి ఉన్నారు, ఓ నలభై మంది. అడవి అంచు ఊరు. నిరుడు వానాకాలం అటవీ సిబ్బంది యంత్రాలతో వచ్చి వాళ్ల పోడు చెలకల చుట్టూ కందకాలు తవ్వారు. కాతకొచ్చిన పత్తి మట్టి కింద పడింది. గొర్రెలు మేతకు పోయే బాట తెగిపోయింది. అప్పటి నుంచి వాళ్లు ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ఈ రోజు మంత్రి చేతికి దరఖాస్తు ఇద్దామని బయలుదేరారు. ఊరి సంఘం నాయకుడు టీక్యాను తెల్లవారకముందే ఇంట్లోంచి ఎత్తుకుపోయారు. ముందస్తు అరెస్టట. అందుకని కాయితం రాజలింగు చేతికి వచ్చింది.

రాజలింగుకు డెబ్బై దాటాయి. కురుమ మనిషి, గొర్రెల కాపరి. భుజం మీద గొంగడి. పక్కన భార్య ఓదెమ్మ, వెనక డిగ్రీ చదివే మనవరాలు నీరజ.

"ఏయ్ ముసలోడా, ఆ గొంగడి తీసి అవతల పడెయ్," అన్నాడు కానిస్టేబులు.

"ఎందుకు సారూ?"

"నల్లగుంది."

"గొర్రె నల్లగుంటే గొంగడి తెల్లగెట్లుంటది సారూ? ఎండకు గిదే, వానకు గిదే, పండుకుంటె గిదే. నేను లొల్లికి రాలె. గీ కాయిదం మంత్రి సారు చేతుల పెట్టి మా తోవల మేం పోతం."

వెనక జనం నవ్వారు. ఎగతాళి నవ్వు కాదది, ముసలాయన మాటకు మురిసిన నవ్వు. కానీ అధికారానికి నవ్వు ఎప్పుడూ ఎగతాళిగానే వినబడుతుంది. సీఐ నాలుగు అంగల్లో వచ్చి గొంగడి కొసను పట్టి గుంజాడు. రాజలింగు వదల్లేదు. ఉన్ని ఆయన మెడకు బిగిసింది. మోకాళ్ల మీద పడ్డాడు. అప్పుడు లాఠీ లేచింది. మొదటి దెబ్బ కాయితం పట్టుకున్న చేతి మీద. రెండోది మెడ మీద. మూడోది చెవి వెనక.

"మా ముసలోన్ని సంపుతున్రో!" ఓదెమ్మ కేక సభ మైకులను దాటి వినిపించింది. నీరజ తాత మీద అడ్డంగా పడింది. ఆమెను జడ పట్టి ఈడ్చారు. జనం ముందుకు తోసుకొచ్చారు, లాఠీలు జనం మీదికి తిరిగాయి.

ఇలాంటప్పుడు సోమనర్సయ్య ఫోను పక్కకు తిప్పేవాడు. పద్దెనిమిదేండ్ల అలవాటు అది. ఈసారి తిప్పలేకపోయాడు. నేల మీద నుంచి రాజలింగు అతని వైపే చూస్తున్నాడు. ఎన్నోసార్లు ఆ ముసలాయన ఇంట్లో జొన్న గట్క తాగిన మనిషి సోమనర్సయ్య. ఫోను దించలేదు.

ఎవరో వెనక నుంచి కాలరు పట్టుకున్నారు.

"ప్రెస్ సార్, ప్రెస్!"

"ప్రెస్సయితే స్టేజీ దిక్కు పో. మంత్రి సారు గాడ ఉన్నడు. గేటు కాడ నీకేం పనిరా?"

ఫోను బూటు కింద నలిగింది.

స్టేషన్‌లో అతన్నీ, ఆరుగురు మొండ్రాయిగూడెం మనుషులనూ బట్టలు విప్పించి, డ్రాయర్ల మీద గోడ వెంట కూర్చోబెట్టారు. కొత్తగూడ నుంచి బందోబస్తుకు వచ్చిన, రోజూ తనకు కుర్చీ వేసే హోంగార్డు ఆ రోజు అతని ముఖం చూడకుండా దాటిపోయాడు. దూరంగా మైకులో మంత్రిగారి గొంతు, చప్పట్లు.

సాయంత్రం సీఐ ఒక కాయితం తెచ్చాడు. 'తొక్కిసలాటలో వృద్ధుడు కాలుజారి పడినాడు. నేను కళ్లారా చూసినాను' అని రాసి ఉంది.

"సంతకం పెట్టు. పెట్టకుంటే లేడీ కానిస్టేబుల్ మీద చెయ్యేసినవని కేసు. నీ బిడ్డ హన్మకొండల చదువుతుంది గద? తండ్రి ఫొటో పేపర్ల చూసుకుంటది."

సోమనర్సయ్య పత్రిక ఆఫీసుకు ఫోను అడిగాడు. ఇచ్చారు. అటు నుంచి గొంతు: "నిన్ను గేటు కాడికి ఎవలు పొమ్మన్నరన్నా? మాకు స్టేజీ ఫొటోలు చాలు. ఇందుల మేమేం చేస్తం?"

పెట్టాడు. ప్యాంటు ఇచ్చి పంపించారు.

తెల్లారి పత్రికలో నాలుగు లైన్లు వచ్చాయి. 'మంత్రి సభలో స్వల్ప ఉద్రిక్తత. తొక్కిసలాటలో వృద్ధుడికి గాయాలు.' అతను రాయలేదు. కానీ ఆ మాటలు అతనివే. ఎవరో అతని చెప్పులు వేసుకుని నడిచిపోయినట్టు అనిపించింది.

వరంగల్ దవాఖానలో రాజలింగు మూడు రోజులు మాట లేకుండా పడి ఉన్నాడు. సోమనర్సయ్య రోజూ పోయాడు. లోపలికి పోలేక వరండాలో నిలబడ్డాడు. నీరజ బయటికొచ్చి అతని పక్కన గోడకు ఒరిగింది. ఆమె మెడ మీద గోటి గాట్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"కాకా, నీ ఫోన్ పోయినా కండ్లు పోలేదు గద. నువ్వు రాయి. నువ్వు రాస్తే నమ్ముతరు."

అతను నేల చూశాడు.

"మేం చెప్తే పోడు రైతులు అబద్ధమాడుతున్రంటరు. నువ్వు పేపరాయనవు. నువ్వు చూసినవని నేను చూసిన."

"రాస్త బిడ్డా," అన్నాడు.  సంతకం సంగతి మాత్రం చెప్పలేకపోయాడు.

నాలుగో రోజు పొద్దున రాజలింగు పోయాడు. పోయే ముందు ఒక్కసారి కళ్లు తెరిచి, కుడి చేతి వేళ్లు కదిలించాడని ఓదెమ్మ చెప్పింది. కాయితం వెతికాడో, కర్ర వెతికాడో ఎవరికీ తెలియదు. పోలీసుల కాపలా మధ్య ఊరికి తెచ్చారు. పోలీసుల కాపలా మధ్యే మట్టి చేశారు. గొర్రెలు రెండు రోజులు దొడ్లోంచి కదల్లేదు. విప్పే మనిషి కోసం అరుస్తూనే ఉన్నాయి.

మట్టి చేసిన మూడో రోజు బడి ఆవరణలో ఊరు కూడింది. జైలు నుంచి బెయిలు మీద వచ్చిన టీక్యా ఉన్నాడు. పిలవకుండానే పెద్ద రైతు జగపతి వచ్చాడు. అధికార పార్టీ మనిషి. అతని చెలకల చుట్టూ మాత్రం కందకం లేదు.

"జరిగిందేదో జరిగింది," అన్నాడు జగపతి. "మనిషి మళ్ల వస్తడా? రేపు మండలాఫీసుల విచారణ. ఐదుగురు సాక్షులను నేను మాట్లాడిపెట్టిన. జారిపడ్డడు అంటె అయిపోతది. లొల్లి పెంచితే పోడు పట్టాల లిస్టుల ఒక్క పేరు ఉండది, చెప్తున్న."

ఒక మూల నుంచి గొణుగుడు. "పటేలు చెప్పింది నిజమే. మనం బతకాలె గద." "ఏం బతుకు? పత్తి పాయె, బాట పాయె, మనిషి పాయె." "నీకేం, ఒంటోనివి. నాకు ముగ్గురు పిల్లలు."

టీక్యా లేచాడు. "పటేలా, ఒకటే అడుగుత. నీ చెలక కాడ కందకం ఎందుకు తవ్వలె? చెప్పి కూసో."

 అప్పుడు వెనక వరుస నుంచి సోమనర్సయ్య లేచి నిలబడ్డాడు.

"అందరూ నన్ను తిట్టుండ్రి," అన్నాడు. "జారిపడ్డడని మొదటి సంతకం నాదే. స్టేషన్ల నా బట్టలిప్పిన్రు. బిడ్డ పేరు తీసిన్రు. భయపడి పెట్టిన. కొట్టింది చూసిన, మూడు దెబ్బలు ఎక్కడెక్కడ పడ్డయో చూసిన. చూసి గూడ పెట్టిన."

 జనం అతని మీదికి దూకారు. "దొంగ లంగ!" "మా ఇంట్ల తిని మమ్ముల్నే అమ్ముకున్నవ్!" ఎవరో చొక్కా పట్టుకున్నారు. నీరజ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆ ఒక్కటే అతనికి నిజంగా తగిలిన దెబ్బ.

ఓదెమ్మ అప్పటిదాకా ఎవరితో మాట్లాడలేదు. గోడ దగ్గర నుంచి లేచి, మనుషులను పక్కకు జరుపుకుంటూ వచ్చి అతని ముందు నిలబడింది.

"సంతకం వాళ్లకిస్తివి," అంది. "సూసింది మాకియ్యి."

సోమనర్సయ్య అక్కడే కూలబడి ఏడ్చాడు. తర్వాత బడి పిల్లల నోటుబుక్కు ఒకటి తెప్పించుకుని, వాళ్లందరి ముందే రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ పైకి చదివాడు. ఎక్కడైనా తప్పితే జనం సరిచేశారు. "మొదటి దెబ్బ చేతి మీద, రాయి." "జడ పట్టింది ఇద్దరు, ఒక్కలు కాదు." భయమన్నవాళ్లు కూడా దగ్గరికి జరిగారు. ముగ్గురు పిల్లల తండ్రి తన చొక్కా ఎత్తి వీపు చూపించాడు. "నాది గూడ రాయి." జగపతి ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరూ చూడలేదు.

మర్నాడు మండలాఫీసు ముందు పోలీసు వ్యాను. లోపల విచారణ అధికారి, రాసుకునే గుమస్తా. పిలిచింది ఐదుగురిని. వచ్చింది ఊరు ఊరంతా. పిలిచిన ఐదుగురు కూడా ఊరితోనే వచ్చారు.

"ఒక్కొక్కరే రావాలి. మిగతా వాళ్లు గేటు బయట," అన్నాడు అధికారి.

"ఒక్కొక్కలను పిలిచి ఏం జేస్తరో మాకెరుకే సార్," అంది నీరజ. "కొట్టినప్పుడు అందరం ఉన్నం. చెప్పేటప్పుడూ అందరం ఉంటం."

జనం వరండాలో, మెట్ల మీద, కిటికీల కింద కూర్చున్నారు. సోమనర్సయ్య అధికారి ముందు నిలబడి నోటుబుక్కు తెరిచాడు. మొదట తన తప్పు చెప్పాడు. "ఇంతకుముందు నేను పెట్టిన సంతకం అబద్ధం. అది బెదిరించి పెట్టించుకున్నది. ఇప్పుడు చెప్పేది నేను చూసింది."

రెండో పేజీలో ఉండగా సీఐ వచ్చాడు. విలేకరి మీద కేసు ఉందన్నాడు. విధుల్లో ఉన్న మహిళా కానిస్టేబులుతో అసభ్య ప్రవర్తన. ఆ కేసు అప్పటిదాకా వాళ్ల సొరుగులో నిద్రపోయింది. సంతకం తిరగబడగానే లేచి కూర్చుంది.

సోమనర్సయ్య చదవడం ఆపలేదు. రెండు చేతులూ పట్టుకుని ఈడుస్తుంటే గొంతు పెంచాడు. "రెండో దెబ్బ మెడ మీద..." తలుపు దగ్గర నోటుబుక్కు జారి పడింది. మెట్ల మీద నుంచి ఎవరో అందుకున్నారు. "మూడోది చెవి వెనక!" అని టీక్యా అరిచాడు. "చెవి వెనక!" అన్నారు జనం.

వ్యాను తలుపు మూసుకుంది. జనం దానికి అడ్డంగా కూర్చున్నారు. లాఠీలతో పక్కకు లాగి దారి చేసుకున్నారు. ముగ్గురికి రక్తం వచ్చింది. వ్యాను పోయింది. జనం లేచి, దుమ్ము దులుపుకుని, మళ్లీ వరండాలోకి వచ్చారు.

అధికారి కుర్చీలోంచి లేవబోయాడు. ఓదెమ్మ అప్పటికే బల్ల ముందు నిలబడి ఉంది.

సబ్‌జైలులో మూడో రోజు నీరజ ములాఖత్‌కు వచ్చింది. ఇనుప జాలికి ఇటు సోమనర్సయ్య, అటు ఆమె. కండ్లు వాచి ఉన్నాయి.

"అవ్వ చెప్తుంటె గుమస్తా 'కిందపడి' అని రాసిండు కాకా. నేను పక్కన నిలబడి చదివిన. ఆ మాట కొట్టేపిచ్చిన. 'కొట్టారు' అని రాసేదాంక అవ్వ వేలిముద్ర ఎయ్యలె. అట్లనే అందరియి. పొద్దుగూకింది."

"ఎంతమంది?"

"చెప్పనోళ్లు ఎవలని అడుగు కాకా, ఊరు ఊరంత చెప్పింది. జనగామల విలేకర్లు నీ కోసం రోడ్డు మీద కూసున్రు. భూపాలపల్లిల కాలేజీ పిల్లలు ఊరేగింపు తీసిన్రు, వాళ్లనూ కొట్టిన్రు."

"పేపర్ల వచ్చిందా?"

"మన పేపర్ల రాలె. నిన్ను తీసేసినమని వచ్చింది."

సోమనర్సయ్య తల ఊపాడు. అది అతను ఊహించిన సంగతే.  పద్దెనిమిదేండ్లు. ఆ పద్దెనిమిదేండ్లలో తాను రాయకుండా వదిలేసిన ముఖాలు ఒక్కొక్కటే జాలి అవతల నిలబడ్డట్టు అనిపించింది. వాళ్లకు ఎవరు చెప్పాలి? ఇప్పుడు రాసినా వాళ్ల చేతులు అతుక్కోవు, రాజలింగు లేచి రాడు.

"అవ్వ ఎట్లున్నది?" అని అడిగాడు.

"తింటలేదు. తాత గొర్రెలను టీక్యా కాక తోలుకపోతున్నడు. బాట లేక సుట్టు తిరిగి పోతున్నయి." నీరజ జాలికి దగ్గరగా జరిగింది. కాపలావాడికి వినబడుతుందని తెలిసీ గొంతు తగ్గించలేదు. "రేపు ఊరంత కందకాలు పూడుస్తున్నం కాకా. కొత్తగూడ సుట్టుపక్కల ఏడూర్లు వస్తున్నయి. పోలీసులు వస్తరని గూడ ఎరుకే. మొదటి తట్ట మట్టి తానే పోస్తనన్నది అవ్వ."