బాలమణి అడిగిన దండుగ

నాకు ఎన్నో ఏండ్లుగా ఒక సందేహం ఉండేది. తాగి తప్పు చేసినవాడికి దండుగగా సారనే వేస్తే, దేవుడు దాన్ని న్యాయమంటాడా?

మా చిరాగ్‌పల్లిలో అప్పుడు అదే ఆచారం. ఎవరు తప్పు చేసినా కులపెద్దలం కూర్చొని దండుగ చెప్పేవాళ్లం. దండుగంటే సార. తప్పు చేసినవాడే తెచ్చి పెద్దలకు పోయాలి, తనూ తాగాలి. దానితో తప్పు తీరినట్టు. పూజ చేసుకునేవాణ్ణి కనుక నేను లోటాను పెదవికి తాకించి పక్కవారికి ఇచ్చేవాణ్ణి.

డెబ్బై తొమ్మిదిలో మాణిక్ పంచాయితీ వచ్చింది. చెరుకు కొట్టే మనిషి, మంచి పనోడు. తాగితే మాత్రం భార్య బాలమణిని కొట్టేవాడు. అంతకుముందు ఒకసారి దండుగ కట్టాడు. మాతో కూర్చొని తాగిన ఆ మత్తులోనే ఇంటికి పోయి మళ్లీ కొట్టాడు. ఈసారి ఆమె బిడ్డను చంకనేసుకొని న్యాల్‌కల్‌లోని తల్లిగారింటికి పోయింది. పెద్దలం పిలిపిస్తే వచ్చింది.

పెద్దమనిషి సంగప్ప ఎప్పటిలాగే తీర్పు చెప్పాడు. "మాణిక్, తప్పు నీదే. దండుగ తే. బాలమణీ, నువ్వు ఇంటికి నడువు."

సార పోసే చోట ఆడవాళ్లు కూర్చునేవారు కాదు. బాలమణి దూరంగా నిలబడే అంది, "నడుస్త తాతా. గని దండుగ నేను చెప్త."

"నువ్వెట్ల చెప్తవు? మేమున్నం గద."

"దెబ్బలు తిన్నది మీరా, నేనా? పోయినసారి మీరు తాగిన్రు, ఆయనకు తాపిన్రు. నా వీపు పగిలింది. ఈసారి పానకం తాపుండ్రి. మళ్ల చెయ్యి లేస్తె మీరందరు జవాబు చెప్పాలె. కాదంటె ఇట్నుంచిటే న్యాల్‌కల్ పోత."

పెద్దల్లో ఒకడైన రేవణసిద్ధప్పకు సారంటే ప్రాణం. నవ్వి అన్నాడు, "పానకం తాగనీకి ఇదేమన్న శ్రీరామనవమా?"

"సార తాగనీకి ఇదేమన్న దుకాణమా మామా?" అంది బాలమణి.

దూరంగా నిలబడి చూస్తున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. సంగప్ప నా వైపు తిరిగాడు. "పూజల మనిషివి. నువ్వేమంటవు?"

ఇన్నేండ్లు గొంతులో ఆగిన మాట బయటికి వచ్చింది. "సారతోని పుట్టిన తప్పు సారతోని ఎట్ల పోతది? బిడ్డ చెప్పిందే సరి."

సంగప్ప తల రుమాలు తీసి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. "మాణిక్, బెల్లం తేపో."

గానుగ నుంచి కొత్త బెల్లం వచ్చింది. నా భార్య భాగీరథి మిరియాలు దంచి వేసింది. పానకం కనుక ఆడవాళ్లు వచ్చి మా మధ్యనే కూర్చున్నారు. పంచాయితీలో వాళ్లు కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. రేవణసిద్ధప్ప, "జర మిరియం ఎక్కువైంది" అంటూనే మళ్లీ లోటా చాపాడు.

ఆనాటి నుంచి మా ఊళ్లో దండుగంటే పానకమే. కోహీర్ వైపువాళ్లు కూడా వచ్చి, ఎట్ల చేసిన్రని అడిగి పోయారు. సార ఊరు విడిచి పోలేదు. మాణిక్ కూడా తాగుడు ఒక్కనాడే మానలేదు. బాలమణి మీద మాత్రం మళ్లీ చేయి ఎత్తలేదు.

ఆ రోజు పానకం పోయడం అయ్యాక అతను వంగి సంగప్ప కాళ్లు పట్టుకోబోయాడు. ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. "మాకెందుకురా? ఆమెకు చెప్పు."

మాణిక్ వెళ్లి బాలమణి ముందు నేల మీద కూర్చున్నాడు. "తప్పయింది" అన్నాడు. పెండ్లయిన ఏడాది నుంచీ ఆమెకు బాకీ పడ్డ మాట అది.