ఒంటి తాడిచెట్టు

మొదటి ఉరుము వినపడేసరికే మెర్సీ పిల్లల్ని జంటలు జంటలుగా తోటలోకి పంపించేసింది.

నూజివీడు నుంచి రోజూ పొద్దున్నే వ్యాన్‌లో వచ్చి, సాయంత్రానికి ఇళ్లకు వెళ్లిపోయే పిల్లలు వాళ్లు. రెడ్డిగూడెం దాటాక, కొండ వాలుని ఆనుకుని ఉన్న కృష్ణకాంత్ గారి మామిడితోటలో వేసవి శిబిరం. నిప్పు రాజేయడం, తాళ్లకు ముడులు వేయడం, నీడని బట్టి దిక్కు తెలుసుకోవడం, అడవిలో దారి తప్పితే ఏం చేయాలి, ఇవన్నీ నేర్పేది మెర్సీ. మైలవరం అమ్మాయి. బడిలో ఆటల టీచరు. కొండలెక్కడం నేర్చుకుని వచ్చిందని ఆమె అంటే పిల్లలకు గొప్ప. ఆ రోజు పాఠం, తోట చివరిదాకా వెళ్లి దారి గుర్తులు చూసుకుంటూ తిరిగి రావడం.

రెండో ఉరుముకి ఆమె తలెత్తి చూసింది. కొండ వెనక నుంచి మబ్బు కాటుకలా కమ్ముకొస్తోంది. పిల్లలందరికీ ఇచ్చినట్టే తన మెడలోనూ ఉన్న ఈల తీసి ఆపకుండా ఊదింది. అన్నీ వదిలేసి వచ్చేయమని దానర్థం.

పిల్లలు పరుగులు పెట్టుకుంటూ వచ్చారు. కొందరు నవ్వుతున్నారు, వాళ్లకి అదీ ఆటే. అంతలో ఈదురుగాలి లేచింది. ఎండుటాకులూ దుమ్మూ కలిసి కళ్లల్లో కొట్టాయి. రసాల చెట్ల నుంచి కాయలు దబదబా రాలడం మొదలుపెట్టాయి.

"అందరూ వ్యాన్‌లోకి! అద్దాలు మూసేయండి. ఇనుప కడ్డీలు ముట్టుకోవద్దు!"

కృష్ణకాంత్ వ్యాన్ తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లోపలికి ఎక్కించాడు. తోటా ఆయనదే, వ్యాన్ నడిపేదీ ఆయనే. అందరూ ఎక్కాక మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకుని మెర్సీ వైపు తిరిగాడు.

"ఒకళ్లు తగ్గారమ్మా."

మెర్సీ లోపలికి తొంగి చూసింది. చివరి సీట్లో మనోజ్ జంట లేకుండా ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎగపోస్తున్నాడు.

"మనోజ్, యశస్విని ఏదిరా?"

"నా వెనకాలే ఉందనుకున్నా మేడమ్. ఉరుమొచ్చింది. పరిగెత్తాను. చూస్తే లేదు."

యశస్విని అందరిలోకీ చిన్నది. మాట్లాడేది తక్కువ, చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల. మొన్న దారి తప్పడం గురించి పాఠం చెప్పినప్పుడు ముందు వరసలో కూర్చుని నోరు తెరుచుకుని వింది.

ఆ పాఠం మెర్సీకి గుర్తుకొచ్చింది.

తను ఏం చెప్పింది? దారి తప్పారని తెలియగానే ఆగిపొమ్మంది. ఒక చెట్టు చూసుకోమంది. ఎంత దూరం నుంచయినా కనపడే చెట్టయితే మరీ మంచిదంది. దాన్ని పట్టుకుని అక్కడే ఉండండి, నేనొచ్చి మిమ్మల్ని ముట్టుకునేదాకా కదలొద్దు, ఎవరు పిలిచినా కదలొద్దు అంది. అప్పుడు యశస్విని చెయ్యెత్తి, "మీరు పిలిచినా కదలకూడదా మేడమ్?" అని అడిగింది. అందరూ గొల్లుమన్నారు. తనూ నవ్వి, "నేను పిలిచినా సరే" అంది.

పిడుగుల గురించి మాత్రం చెప్పలేదు. వానలు దగ్గరపడ్డాక చెప్పొచ్చులే అని వాయిదా వేసింది.

తోట చివర, అంటు మొక్కలు కొత్తగా నాటిన మడి గట్టు మీద ఒంటి తాడిచెట్టు ఉంది. చుట్టుపక్కల ఎక్కడి నుంచి చూసినా కనపడే చెట్టు అదొక్కటే.

"ఈ మెరుపుల్లో ఎటు వెళ్తావమ్మా? కాసేపు ఆగు, తగ్గుద్ది," అన్నాడు కృష్ణకాంత్.

"ఆ పిల్ల తాడిచెట్టు కింద ఉంటుంది సార్."

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. మరి వాదించలేదు. "నేనూ వస్తా" అన్నాడు.

"వద్దు సార్. వీళ్లతో ఎవరో ఒకళ్లుండాలి."

చెట్ల వరసల మధ్య మెర్సీ పరుగు తీసింది. వాన మొదలైంది. చినుకులు గులకరాళ్లలా తగులుతున్నాయి. సాయంత్రం కాకుండానే చీకటి పడినట్టయి, మెరుపు మెరిసినప్పుడు మాత్రం తోటంతా తెల్లగా కనపడి మాయమవుతోంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య ఎడం తగ్గిపోతోంది. అదెంత తగ్గితే పిడుగు అంత దగ్గరకొచ్చినట్టని ఆమెకు తెలుసు.

కళ్లముందే ఆకాశం చీలిపోయినట్టయింది. చప్పుడు చెవుల్లోంచి కాక నేలలోంచి, పాదాల్లోంచి వచ్చింది. ఎప్పుడు పడిందో తెలియదు, తెలివొచ్చేసరికి నీళ్లు పారించే కాలవలో బోర్లా ఉంది. నోట్లో మట్టి.

లేవాలనుకుంది.

"ప్రభువా, ప్రభువా" అని తప్ప ఇంకో మాట రావడం లేదు. ఇక్కడే ఇలా ఉంటే నేను బతుకుతాను అన్న ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు అసహ్యమేసింది. అయినా లేవలేదు. మోచేతులు బురదలో గుచ్చి, తల వంచి, ఇంకో పిడుగు కోసం ఎదురు చూస్తూ అలాగే ఉండిపోయింది. అలా ఎంతసేపున్నదో తర్వాత ఎవరడిగినా చెప్పలేకపోయింది.

అప్పుడు ఈల వినపడింది. పొట్టిగా మూడుసార్లు. కాస్త ఆగి మళ్లీ మూడు. ఊపిరి చాలక చివరిది సన్నగా తెగిపోతోంది. ఆపదలో ఉన్నామని చెప్పడానికి తను నేర్పిన గుర్తే.

మెర్సీ లేచింది. ధైర్యం వచ్చి కాదు. ఆ ఈల ఆగిపోతే భరించలేక.

అంటు మొక్కల మడి దాటేసరికి తాడిచెట్టు కనపడింది. గాలికి మట్టలు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. చెట్టు మొదలు దగ్గర, రెండు చేతులూ మాను చుట్టూ వేసి, చెంప దానికి ఆనించి, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది యశస్విని.

"యశూ! అది వదిలెయ్! ఇటొచ్చెయ్!"

పిల్ల కళ్లు తెరిచింది. చూసింది. తల అడ్డంగా ఊపింది.

"వచ్చెయ్ నాన్నా, నేనే పిలుస్తున్నా!"

పిల్ల మానుని ఇంకా గట్టిగా కరుచుకుంది. మెర్సీకి అర్థమైంది. ఎవరు పిలిచినా కదలొద్దు. మేడమ్ పిలిచినా సరే.

ఆ చెట్టు కిందికి తనే వెళ్లాలి. చివరి నాలుగడుగులు ఎలా వేసిందో దేవుడికే తెలుసు. నెత్తి మీద వెంట్రుకలు లేచినట్టనిపించింది. నిజంగా లేచాయో, భయమో తెలియదు. పిల్ల భుజం ముట్టుకుంది. ముట్టుకోగానే యశస్విని చేతులు వదిలేసి ఆమె మెడకు చుట్టుకుపోయింది. పిల్లని ఎత్తుకుని, జారుతూ పడుతూ మడి మధ్యకు పరిగెత్తింది మెర్సీ. మోకాలెత్తు మొక్కల మధ్య పల్లంలో పిల్లని దింపి గొంతుక్కూర్చోబెట్టింది.

"పాదాలు రెండూ దగ్గరకి పెట్టు. చెవులు మూసుకో. తల వంచు. పడుకోకు."

తనూ పక్కన అలాగే కూర్చుంది. తలలు వంచినా ఇద్దరి కళ్లూ తాడిచెట్టు మీదే. దాని మీద పడుతుంది, ఇప్పుడు పడుతుంది అనుకుంటూ మెర్సీ ఊపిరి బిగబట్టింది.

దాని మీద పడలేదు. కంటి కొసన, శిబిరం ఉన్న వైపు, తెల్లటి గీత ఒకటి నేలదాకా దిగింది.

"అక్కడ అందరూ ఉన్నారు మేడమ్," అంది యశస్విని.

మెర్సీ అటు తిరిగి చూసింది. వెళ్లడానికి లేదు. ఈ పిల్లని తీసుకుని లేవడానికి లేదు. వ్యాన్‌లో ఉన్న ముఖాలు ఒక్కొక్కటీ గుర్తుకొస్తుంటే, మనోజ్ కడ్డీ పట్టుకుని కూర్చున్నాడా, అద్దాలు అన్నీ మూశారా అని అదే అదే అనుకుంటూ, ఉరుములు కొండ అవతలికి జరిగేదాకా ఆ బురదలో కూర్చుంది. ఆ పూటకి అన్నిటికంటే పెద్ద భయం అదే.

ఉరుములు బాగా దూరమయ్యాక చేతులు పట్టుకుని వెనక్కి నడిచారు. దారంతా పచ్చికాయలు, విరిగిన కొమ్మలు. రోజూ మధ్యాహ్నం అందరూ కూర్చుని అన్నాలు తినే పెద్ద బంగినపల్లి చెట్టు నిలువునా చీలి పొగలు కక్కుతోంది. దానికి అల్లంత దూరంలో వ్యాన్. అద్దాలన్నిటికీ ఆవిరి పట్టి ఉంది. ఒక అద్దాన్ని లోపల్నుంచి ఎవరిదో చిన్న అరచెయ్యి తుడిచింది. ఆ చెయ్యి చూశాక మెర్సీ వ్యాన్ వైపు పరుగు తీసింది.

లోపల ఎవరికీ ఏమీ కాలేదు. ఏడుపులు తప్ప.

నూజివీడులో వ్యాన్ ఆగేసరికి యశస్విని తల్లి కమల దుకాణం మూసేసి రోడ్డు మీదే నిలబడి ఉంది. ఫోన్‌లో కృష్ణకాంత్ కొంత చెప్పాడు. పిల్లని దగ్గరకు తీసుకుని, మెర్సీతో "మీ ప్రాణం అడ్డమేసి తీసుకొచ్చారంట కదండీ" అంది.

"నేనే దాన్ని ఆ చెట్టు కింద నిలబెట్టానండీ," అంది మెర్సీ. "కనపడే చెట్టు దగ్గర ఉండమని చెప్పాను. ఉరుములప్పుడు ఉండకూడదని చెప్పలేదు. తప్పు నాదే."

కమల ముఖం మారిపోయింది. పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

రెండు రోజులు శిబిరం లేదు. మూడో రోజు సగం మంది పిల్లలే వచ్చారు. మెర్సీ వాళ్లని తోటలో కాయలు పోసే షెడ్డులో కూర్చోబెట్టి ముందుగా తను చెప్పకుండా వదిలేసింది చెప్పింది. ఉరుము వినపడితే చెట్టు వదిలేయాలి, పల్లంలోకి పోవాలి, ఎవరు ఏం చెప్పి ఉన్నా సరే.

మధ్యలో గేటు దగ్గర స్కూటీ ఆగింది. యశస్విని దిగి వచ్చి ముందు వరసలో కూర్చుంది. కమల వెళ్లిపోలేదు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కుని షెడ్డు గుమ్మంలో వేసుకుంది.

"నేను సాయంత్రం దాకా ఉంటానండీ," అంది. అడగడం కాదు, చెప్పడం.

"ఉండండి," అంది మెర్సీ.

అప్పుడే రోడ్డు మీద కాయల లారీ ఒకటి కల్వర్టు ఎక్కి దడదడమని దిగింది. పిల్లలు ఉలిక్కిపడి తలలెత్తారు. కమల కుర్చీలోంచి లేచి నిలబడింది. మెర్సీ అప్పటికే గుమ్మం దాటి బయటికొచ్చి, తెల్లగా కాలుతున్న ఆకాశం అంతా వెతుకుతోంది. మబ్బు తునక ఎక్కడా లేదు. అయినా ఆమె చాలాసేపు లోపలికి రాలేదు.