ఫర్వాలేదక్క తుడిచిన నేల

కాలు జారి పడ్డవాళ్లు ఏం చేస్తారు? అమ్మో అంటారు, అబ్బా అంటారు, ఎవరూ చూడలేదంటే గబుక్కున లేచి బట్టలు దులుపుకుంటారు. కాస్త నోరున్నవాళ్లయితే కొట్టువాణ్ణి దులిపేస్తారు. మన ఫర్వాలేదక్క ఇవేవీ చెయ్యలేదు. నేల తుడిచింది.

నవ్వకండి, నిజంగానే తుడిచింది. ఆవిడ బట్టలు కుట్టే మనిషి. వీధి చివరి పెద్ద కొట్టుకి దారం కొనడానికి వెళ్లింది. చేతిలో గుడ్డముక్క పట్టుకుని, దానికి ఏ రంగు దారం నప్పుతుందా అని ఆలోచించుకుంటూ ఐస్‌క్రీముల ఫ్రీజర్ పక్కన మలుపు తిరిగింది. కాలి కింద ఉన్న నేల ఉన్నట్టుండి లేకుండా పోయింది. పడటం పడటం కుడిచేతి మీద పడింది. మణికట్టులో ఏదో పుటుక్కుమంది. కూలబడ్డ చోటి నుంచి చూస్తే, ఫ్రీజర్ అడుగు నుంచి తుప్పునీళ్లు సన్నగా పాక్కుంటూ వచ్చి గచ్చు మీద పరుచుకుని ఉన్నాయి. "అయ్యో, ఇంకెవరైనా పడతారేమో!" అనుకుంది. మెడలోని లేత పసుపు స్కార్ఫు లాగి, ఎడమచేత్తో ఆ నీళ్లన్నీ ఒత్తి ఒత్తి తుడిచేసింది. ఫ్రీజర్ కాళ్ల సందుల్లో కూడా వదల్లేదు మహాతల్లి.

మేనేజరు పరుగెత్తుకొచ్చేసరికి ఆ కొట్టు మొత్తంలో అంత శుభ్రమైన చోటు ఇంకోటి లేదు.

"ఏమైందమ్మా? ఎలా పడ్డారు?"

"ఏం లేదండీ, నేనే చూసుకోలేదు. మిమ్మల్ని కంగారు పెట్టాను. ఫర్వాలేదు, ఫర్వాలేదు."

ఆ వీధిలో ఆవిడకి ఆ పేరు ఊరికే రాలేదు. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే ఫర్వాలేదంటుంది. అర్జెంటని కుట్టించుకుని నెలల తరబడి తీసుకెళ్లని వాళ్లకీ ఫర్వాలేదే. ఆఖరికి విరిగిన చేతికి కూడా ఆ మాటే చెప్పి, దారం కొనుక్కుని మరీ ఇంటికొచ్చింది. రంగు మాత్రం సరిగ్గా కుదిరింది, ఏం లాభం?

సాయంత్రానికి చెయ్యి బూరెలా పొంగింది. బస్సు నడిపే మొగుడు డ్యూటీ దిగి వచ్చి, చూసి, లబోదిబోమంటూ ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఎముక విరిగిందని డాక్టరు సినిమా హాల్లో టికెట్ చింపినంత తేలిగ్గా చెప్పేసి, మోచేతి దాకా పిండికట్టు వేశాడు.

"అతుక్కుంటుంది. వేళ్ల పట్టు మునుపటిలా వస్తుందో లేదో మాత్రం ఇప్పుడే చెప్పలేను. కట్టు విప్పాక చాలాకాలం వ్యాయామం చేయించుకోవాలి. ఖర్చవుతుంది, కానీ మానకూడదు."

ఇంటికొచ్చాక, ఎవరూ చూడకుండా, కట్టులోంచి బయటికొచ్చిన వేళ్లతో సూది పట్టుకుని చూసింది. సూది జారి కింద పడింది. మళ్లీ తీసింది, మళ్లీ పడింది. అప్పుడు భయం వేసింది ఆవిడకి. చిన్నప్పట్నుంచీ ఆ వేళ్లే ఆవిడ చదువు, ఆ వేళ్లే ఆవిడ పరువు. అవి పోతే ఈ ఇంట్లో, ఈ వీధిలో తనెవరు? మిషను మీద ముసుగు కప్పి, దానికెదురుగా కూర్చుని ఏడ్చింది.

సరే, ఇంతకీ తప్పెవరిది? ఇక్కడ మొదలైంది అయోమయం.

"కొట్టువాడిదే. వైద్యం వాడే చేయించాలి" అన్నాడు మొగుడు.

"కళ్లు నెత్తికెక్కించుకుని నడిచింది నీ పెళ్లాం. వాడేం చేస్తాడ్రా?" అంది అత్తగారు. ఆవిడ ఇల్లు కడిగిందంటే బల్లులు కూడా జారి పడాల్సిందే, అంత శుభ్రం. మళ్లీ కాసేపటికి ఆవిడే, "అయినా నీళ్లు కార్చుకునే ఫ్రీజర్‌ని దారిలో పెట్టుకోవడమేంటి, వాడి మొహం!" అంది. పక్కింటావిడ వచ్చి, కొట్టులో పడితే కొట్టువాళ్లే చూసుకోవాలని చట్టం ఉందంది. పక్కింటావిడ తమ్ముడొచ్చి అలాంటి చట్టమేదీ లేదు, ఎవరి కాలికి వాళ్లే బాధ్యులన్నాడు. ఎవరేం చెబితే అది నిజమనిపించేది ఫర్వాలేదక్కకి. పొద్దున లేవగానే తప్పు కొట్టువాడిది. పళ్లు తోముకునేసరికి తనది. మధ్యాహ్నానికి ఇద్దరిదీ. రాత్రి పడుకోబోతే ఎవరిదీ కాదు, ఖర్మది.

ఈ గందరగోళంలో ఉండగా, ఒకరోజు మేనేజరే ఇంటికొచ్చాడు. చేతిలో పళ్ల సంచీ, చంకలో కాగితం, మొహాన ఇంత వెన్న.

"మా తప్పేం లేదని మీరే అన్నారు గదమ్మా. అందరూ విన్నారు. నేల కూడా పొడిగానే ఉంది, నేను కళ్లారా చూశాను. అయినా మీరు మా పాత కస్టమరు, మనసు ఊరుకోక చూసి పోదామని వచ్చాను. ఇదుగో, ఇక్కడ ఒక్క సంతకం పెడితే చాలు. ఊరికే, మా రికార్డు కోసం."

ఫర్వాలేదక్కకి మొహమాటం ముంచుకొచ్చింది. ఇంత ఎండలో వచ్చాడు పాపం, పళ్లు కూడా తెచ్చాడు. కలం అందుకుంది. కట్టులోంచి వేళ్లు కలాన్ని పట్టుకోలేకపోయాయి. కలం జారి అతనికిచ్చిన టీ కప్పులో పడింది.

"పోనీ ఎడమచేత్తో పెట్టండి" అన్నాడు మేనేజరు.

"ఎడమచేత్తో గీత గియ్యడం కూడా రాదండీ. ఏమనుకోకండి."

"ఏం బాబూ, విరిగిన చెయ్యి చాలక, బాగున్న చెయ్యి కూడా కావాలా?" అంది అత్తగారు వంటింట్లోంచి. "కట్టు విప్పాక పెడుతుందిలే. ముందు ఆ కప్పులో కలం తీసుకుని వెళ్లు."

మేనేజరు తడి కలం జేబులో పెట్టుకుని లేచాడు. గడప దాకా ఫర్వాలేదక్క సారీ చెబుతూ వెళ్లింది.

ఆ మర్నాడు వాళ్ల వీధి లాయరమ్మ వచ్చింది. తన నల్లకోటు కుట్టడానికిచ్చి చాన్నాళ్లయింది మరి. ముసుగేసిన మిషనూ కట్టు కట్టిన చెయ్యీ చూసి కోటు సంగతి మర్చిపోయింది. కూర్చోబెట్టి మొదట్నుంచీ చెప్పమంది.

"అక్కా, సంతకం పెట్టకపోవడం మంచిదైంది" అంది అంతా విని. "కొనడానికి వచ్చినవాళ్లు పడిపోకుండా నేల బాగా ఉంచుకోవడం వాళ్ల బాధ్యత. తడి ఉంటే తుడవాలి, లేదంటే జాగ్రత్త అని బోర్డన్నా పెట్టాలి. ఆ ఫ్రీజర్ కారుతున్న సంగతి వాళ్లకి ముందే తెలుసనీ, తెలిసీ ఊరుకున్నారనీ తేలితే మీ వైద్యం వాళ్లు భరించాల్సిందే. అడగడం మీ హక్కు, ముష్టి కాదు."

"మరి నాదే పొరపాటన్నాను గదమ్మా?"

"నొప్పిలో వంద అంటాం. దాంతోనే అంతా అయిపోదు. ఆ నీళ్లు ఫోటో ఎవరైనా తీశారా?"

ఫర్వాలేదక్క నీళ్లు నమిలింది. "నీళ్లు... నేను తుడిచేశానమ్మా."

"ఏం చేశారూ?"

"ఇంకెవరైనా పడతారేమోనని."

లాయరమ్మ తల పట్టుకుంది. ఉన్నట్టుండి తలెత్తింది. "దేంతో తుడిచారు? స్కార్ఫుతోనా? తుప్పునీళ్లన్నారు కదా, మరకలుంటాయి. అది తీసుకురండి, అదే మన సాక్ష్యం!"

ఈ మాట విని అత్తగారి మొహం వెలిగిపోయింది. లోపలికెళ్లి, మడతపెట్టిన స్కార్ఫు రెండు చేతులతో తెచ్చి లాయరమ్మ ఒళ్లో పెట్టింది. లేత పసుపు స్కార్ఫు కొత్తదానిలా నిగనిగలాడుతోంది.

"తుప్పు మరకంటే మాటలా? నిమ్మకాయ రుద్దాను, ఉప్పేశాను, ఎండలో పెట్టి మళ్లీ రుద్దాను. చూడమ్మా, ఎక్కడన్నా ఆనవాలుందేమో చూడు!" అంది గర్వంగా.

అత్తగారు ఒకసారి లాయరమ్మ మొహం, ఒకసారి కోడలి మొహం చూసింది. మెల్లగా అర్థమైంది. "అయ్యో నా చేతులు పడ!" అని అక్కడే కూలబడింది. కోడలు చేసిన పని నవ్వొచ్చే పనయితే ఇది ఏడుపొచ్చే పని, పెద్దావిడ నిజంగానే ఏడ్చింది. "ఫర్వాలేదులెండి అత్తయ్యా" అంటూ కోడలే ఓదార్చింది.

"సరే, కెమెరాలుంటాయి కదా. ఆ రోజు రికార్డయింది చెరిపెయ్యొద్దని వెళ్లి గట్టిగా చెబుదాం" అని లాయరమ్మ లేచింది. ఫర్వాలేదక్క ఆ స్కార్ఫే మెడలో వేసుకుంది. ముగ్గురూ బయల్దేరారు. దారి పొడుగునా ఫర్వాలేదక్క కాళ్లు వెనక్కి లాగుతూనే ఉన్నాయి. నిన్న పళ్లు తెచ్చిన మనిషి మీదికి ఇవాళ లాయర్ని తీసుకెళ్లడమేంటి? తన తప్పు కాదని తనకే నమ్మకం లేనప్పుడు ఇంకెవరు నమ్ముతారు? పోనీ వెనక్కి తిరిగితే? తిరిగితే మిషను మీద ఆ ముసుగు ఎప్పటికీ అలాగే ఉండిపోతుందేమో.

కొట్టులో మేనేజరు నవ్వుతూ ఎదురొచ్చాడు. లాయరమ్మని చూసి నవ్వు సగానికి తగ్గించాడు. "ఆ వైపు కెమెరా పాడైంది మేడం" అన్నాడు. "అయినా మా నేల ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. కావాలంటే వచ్చి చూడండి." ముందు తనే నడిచాడు, మాంచి ధీమాగా.

ఫ్రీజర్ దగ్గరికొచ్చేసరికి, దాని కాళ్ల సందులోంచి తుప్పునీళ్లు ఒక వేలి వెడల్పున పాక్కుంటూ బయటికొస్తున్నాయి.

అత్తగారు "ఛీ ఛీ" అంటూ చేతిలో రుమాలు విప్పి వంగబోయింది. పాపం, అలవాటు. ఫర్వాలేదక్క చెయ్యి కూడా, ఆ ఉన్న ఒక్క చెయ్యీ, మెడలోని స్కార్ఫు మీదికి దానంతటదే వెళ్లింది. వేళ్లు గుడ్డని పట్టుకున్నాయి కూడా. అలా పట్టుకుని ఆగిపోయింది.

"తుడవద్దు అత్తయ్యా" అంది.

అత్తగారు రుమాలు గుండెలకి హత్తుకుని నిలబడింది. ఆ నీటిని చూస్తూ ఊరుకోవడం ఆవిడకి ప్రాణం మీదికొచ్చినట్టుంది. లాయరమ్మ ఫోను తీసి రికార్డు చెయ్యడం మొదలుపెట్టింది.

"ఇది ఇప్పుడే మొదలైందండీ!" అన్నాడు మేనేజరు కంగారుగా. "ఇవాళే, ఈ నిమిషమే! ఇంతకు ముందెన్నడూ..."

అప్పుడే అటు మలుపులోంచి చంటిబిడ్డని ఎత్తుకుని ఒకామె వచ్చింది. చూపంతా బిడ్డ మీదే ఉంది, అడుగు సరిగ్గా ఆ నీళ్ల మీదికే పడబోతోంది. ఫర్వాలేదక్క నోరు తెరిచింది గానీ ఆవిడ కంటే ముందు మేనేజరే చేతులు చాపి కేకేశాడు.

"అమ్మా, ఆగు ఆగు! అక్కడ రోజూ కారుతుంది!"

బిడ్డతల్లి ఠక్కున ఆగి, పక్కకి తప్పుకుని వెళ్లిపోయింది. మేనేజరు చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. తనేమన్నాడో తన చెవులకి అప్పుడు చేరింది. మొహాన నెత్తుటి చుక్క లేదు. ఎంతైనా చెడ్డవాడు కాడతను. చెడ్డవాడైతే ఆ కేక వేసేవాడే కాదు.

ఫర్వాలేదక్క ఆ నీళ్లకేసి చూసింది, మేనేజరుకేసి చూసింది, తన పిండికట్టుకేసి చూసింది. రోజూ కారుతుందట. తను పడ్డ రోజూ కారిందన్నమాట, అంతకు ముందు రోజూ కారిందన్నమాట. ఆ కేకలో సగం తనకి వేసి ఉంటే ఈ చెయ్యి విరిగేది కాదు.

"సారీ అమ్మా" అన్నాడు మేనేజరు. "ఫ్రీజర్ మార్పించమని పైవాళ్లకి చెబుతూనే ఉన్నాను. బోర్డన్నా పెట్టాల్సింది. పెట్టలేదు."

ఫర్వాలేదక్క కంగారుపడింది. జీవితంలో ఎప్పుడూ సారీ తను ఇవ్వడమే గానీ పుచ్చుకుని ఎరగదు. పుచ్చుకున్నవాళ్లు ఏమనాలి? నోటికి వచ్చేది ఒకే ఒక్క మాట. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతనూ దానికోసమే చూస్తున్నాడు, వీధిలో అందరికీ దొరికే మాటే కదా అని.

ఫర్వాలేదక్క పెదాలు బిగించి, ఆ మాట మింగేసింది. కట్టు కట్టిన చెయ్యి ఎత్తి అతని కళ్లముందు పెట్టింది.

"ఈ వేళ్లతో సూది పట్టుకోలేకపోతున్నానండీ" అంది. "మళ్లీ పట్టుకునేదాకా మీరే బాగుచేయించాలి."